పాపం ఎవరి నోట పలకాలి?

విశాఖపట్నం

అమ్మా,

నీ కథ చదివాను. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున జరిగే వేలంపాట బాగా రాశావు. అప్పు లెక్క తప్పుగా రాసి చేపలమ్మే మనిషిని ముంచిన షావుకారు కూడా నమ్మదగ్గట్టే ఉన్నాడు. చివర్లో మాత్రం నువ్వే కల్పించుకుని ‘అతడు చేసింది మహాపాపం’ అనేశావు. అక్కడితో నాకు ఆలోచించే పని లేకుండా పోయింది.

ఆ తీర్పు నీది. మోసపోయినావిడ ఏమంటుంది? ‘నా ఉసురు తగలకపోద్దా’ అంటుంది. లేదా ఏమీ అనకుండా మర్నాడు మళ్ళీ ఆ షావుకారి దగ్గరికే వెళ్తుంది, అప్పిచ్చేవాడు ఇంకొకడు లేడు కాబట్టి. నన్నడిగితే రెండోదే రాయమంటాను.

అసలు మనం రోజూ పాపం అనేది ఎవరినో దోషిగా నిలబెట్టడానికి కాదు, ఎక్కువగా జాలిపడటానికి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు తప్పిపోయి బిక్కమొహం వేసిన ముసలాయన్ని చూస్తే, ‘పాపం, ఏటి సేస్తాడు’ అనేస్తాం. ‘పాపం చేశాడు’ అంటే ఒకటి, ‘పాపం, చేశాడు’ అంటే వేరొకటి. రాతలో కామా, మాటలో చిన్న విరామం, అంతే తేడా. జాలిపడే పాపానికి విభక్తులు అంటవు. ‘పాపమని అన్నం పెట్టింది’ అనడం వరకే. దాన్నే కాస్త సాగదీసి ‘పాపం, ఆయనకేమీ తెలీదు’ అంటే వెటకారం. ‘ఒక్కసారి ఫోన్ చేసిన పాపాన పోలేదు’ అంటాం కదా, అందులో ఫోన్ చేయడమే పాపమైపోయింది! నాకు చాలా ఇష్టమైన వాడుక ఇది. డైలాగుల్లో ఇలాంటివి రావాలి. నీ కథలో మనుషులు పేపర్ చదివినట్టు మాట్లాడుతున్నారు.

పోర్టు దగ్గర మూడు కొండలు నీకు తెలిసినవే. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, రాస్ హిల్ మీద చర్చి. గుడి మెట్ల దగ్గర పాపం పక్కనే పుణ్యం వినిపిస్తుంది. దర్గాలో అయితే గునా అంటారు. చర్చిలో ‘నేను పాపిని ప్రభువా’ అని మనిషి అందరి ముందూ తనంతట తనే ఒప్పుకుంటాడు. అదే మనిషిని వీధి కుళాయి దగ్గర ‘పాపిష్టోడా’ అను, చొక్కా పట్టుకుంటాడు. పాత్ర ఏ కొండ ఎక్కుతుందో తెలియకుండా దాని చేత ఈ మాట అనిపించకు.

నేరం సంగతి వేరు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 497 సెక్షన్ కొట్టేసింది. వివాహేతర సంబంధం అప్పటినుంచి నేరం కాదు. కానీ నీ వీధిలో అది పాపం కాకుండా పోయిందా? నీ షావుకారిది చూడు. దొంగలెక్క రాయడం చట్టం ప్రకారం మోసమే, కానీ కాగితం మీద ఆవిడ వేలిముద్ర ఉంది కాబట్టి కేసు నిలబడటం కష్టం. అక్కడ ఆవిడకి మిగిలింది ఉసురొక్కటే. ఇదంతా నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నాలుగు పేజీలు పట్టే విషయం.

2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో తెల్లవారకముందే ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలోంచి స్టైరిన్ అనే రసాయనం ఆవిరి లీకై, జనం ఇళ్ళలోంచి పరుగెత్తుకొచ్చి రోడ్ల మీద పడిపోయిన రోజు గుర్తుందా? ‘పాపం, పిల్లలు’ అన్నవాళ్ళే ‘ఈ పాపం ఎవరిది’ అని కూడా అడిగారు. తర్వాత విచారణలు నిర్లక్ష్యం, వైఫల్యం, బాధ్యత లాంటి మాటలతో నడిచాయి. అవసరమైన మాటలే, కాదనను. కథకి మాత్రం ముందు జనం అడిగిన ప్రశ్నే కావాలి.

తిరగరాసేటప్పుడు ఆఖరి పేరా తీసెయ్. ఇంకో సందేహం. షావుకారి భార్య ఒక్కసారి కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడకి ఆ లెక్క సంగతి తెలుసా? తెలిస్తే ‘తిలా పాపం తలా పిడికెడు’ అన్నట్టు ఆవిడ వాటా ఎంత? వేలం పాడే కుర్రాడికీ తెలిసే ఉంటుంది, వాణ్ణి కూడా ఒకసారి కదిపి చూడు. రాశాక పంపు. దసరా సెలవుల్లోపైతే తీరిగ్గా చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు