మళ్ళీ చదవడానికి ఒక తోడు వెతుక్కో

తమ్ముడూ,

నీ కాకతీయుల ఫాంటసీ మొదటి మూడు చాప్టర్లూ చదివాను. భాష బానే ఉంది, ఓరుగల్లు కోట కళ్ళకి కట్టింది, కానీ నీ మంత్రగాడు వచ్చీరాగానే తన శక్తులన్నీ ఏకరువు పెట్టేస్తున్నాడు, ఇంక నేను పేజీ ఎందుకు తిప్పాలి చెప్పు. ఎలా సరిచెయ్యాలని అడిగావు కదా, ఇప్పుడే చెయ్యి పెట్టకు. నీకు ప్రాణమైన నవల ఒకటి తీసుకుని, అది ఇదివరకే చదివిన ఇంకో మనిషితో కలిసి మళ్ళీ చదువు.

నేనూ మా ఫ్రెండూ (కాలేజీలో హిస్టరీ చెప్పి రిటైరయ్యాడు) ఈ మధ్య సుసానా క్లార్క్ ఫాంటసీ నవల 'జొనాథన్ స్ట్రేంజ్ అండ్ మిస్టర్ నోరెల్' మళ్ళీ పట్టుకున్నాం. 2004లో వచ్చింది, రాయడానికి ఆవిడకి దాదాపు పదేళ్ళు పట్టింది. వారం వారం కొన్ని చాప్టర్లు చదవడం, ఫోన్‌లో పోట్లాడుకోవడం. నువ్వూ చదివానన్నావు కాబట్టి కథ విప్పేస్తున్నా.

మొదలు గుర్తుందా, 1806, యార్క్ ఊళ్ళో మాంత్రికుల సంఘం, ప్రతి నెలా మూడో బుధవారం కూడి ఒకళ్ళకొకళ్ళు బోరు కొట్టే పేపర్లు చదువుకుంటారు, మంత్రం వేసినవాడు మాత్రం ఒక్కడూ ఉండడు. అచ్చం మన సాహిత్య సభల్లాగే (అనకూడదు గానీ). కొత్తగా చేరిన సెగండస్ అసలు ఇంగ్లండ్‌లో మ్యాజిక్ ఎందుకు జరగట్లేదండీ అని అడుగుతాడు, అంతే, కథ కదిలిపోయింది.

మా వాడికి హిస్టరీ పిచ్చి కదా, చాలామంది దాటేసే ఫుట్‌నోట్లే ముందు చదువుతాడు. దాదాపు 200 ఉన్నాయి, లేని పుస్తకాలు, పుట్టని మాంత్రికులు, వాళ్ళ తగువులు. ఫలానాయన ఇలా రాశాడు, ఇంకొకాయన ఖండించాడు, అంతే, ఎక్కడా అబ్బా అని నోరెళ్ళబెట్టడం ఉండదు. నమ్మకం అక్కడ కుదురుతుంది.

లేడీ పోల్ సంగతి ఇంకా గొప్పగా ఉంటుంది. చచ్చిపోయిన ఆ పిల్లని బతికించడానికి, నిజంగా మంత్రం వేయగల నోరెల్ ఒక ఫెయిరీతో (మాయలోకం వాడితో) బేరం పెట్టుకుంటాడు, ఆమె జీవితంలో సగం వాడికి. ఆ సగం ముసలితనం వైపుదే అనుకుంటాడు నోరెల్, వాడేమో రాత్రుళ్ళన్నీ పట్టుకుపోతాడు, తెల్లవార్లూ వాడి మహల్లో డాన్సులే. పాపం ఆమె ఆ సంగతి ఎవరికైనా చెప్దామని నోరు తెరిస్తే ఏవో పొంతన లేని కథలొస్తాయి, విన్నవాళ్ళు మతి పోయిందనుకుంటారు. ఆమె ఎంత నరకం పడుతోందో రచయిత్రి వర్ణించదు, ఆ పొంతన లేని కథే ఆమె చేత చెప్పిస్తుంది.

మా ఇద్దరికీ అసలు గొడవ స్టీఫెన్ బ్లాక్ దగ్గర పడింది. లేడీ పోల్ ఇంట్లో బట్లర్, బానిసగా ఉన్న తల్లి వాణ్ణి కని ఓడలోనే చనిపోయింది. పేరులేని బానిస పరాయి దేశంలో రాజవుతాడని జోస్యం చాలా ముందే వస్తుంది, మనం అదేదో పాత రాజు గురించిలే అనుకుని వెళ్ళిపోతాం, తీరా చూస్తే ఆ బానిస స్టీఫెనే. ఎంత బాగా దాచిందిరా అన్నాను నేను. "దాచలేదు, వాడు ఎదురుగానే తిరుగుతున్నాడు, పనివాడే కదా అని మనమే చూళ్ళేదు" అన్నాడు వాడు. ఒప్పుకోక చాలాసేపు వాదించాను గానీ వాడిదే కరెక్టు, ఒంటరిగా చదువుకుంటే ఆ మాట నాకు దొరికేది కాదు.

అందుకే తోడుగా నీ టేస్టే ఉన్నవాణ్ణి పెట్టుకోకు, ఇద్దరూ ఒకే చోట ఆహా అనుకుంటే ఏం లాభం. నువ్వు ఎక్కడ ఆగావో వాడికి చెప్పు, వాడు ఎక్కడ ఆగాడో అడుగు, ఎందుకాగాడో ఇంకా గట్టిగా అడుగు. ఫోన్ బిల్లు సంగతి తర్వాత చూద్దాం.

అది అయ్యాక నీ డ్రాఫ్ట్ తియ్యి. మూడో చాప్టర్‌లో సైన్యం వెనకాల దివిటీ పట్టుకుని నడిచే కుర్రాడు ఒకడున్నాడు, పేరు కూడా పెట్టలేదు నువ్వు. ఆ మంత్రం మొదట వాడి కంట పడనీ, వాడికి అర్థం కాకపోయినా పర్లేదు. మంత్రగాడి ఫ్లాష్‌బ్యాక్ మాత్రం ఇవాళే పీకెయ్.

ఉంటాను.