డచ్ వచ్చినవాళ్లకు ఐరిష్ సులువవుతుందా?

నెదర్లాండ్స్‌లో ఉండగా డచ్ నేర్చుకున్నానని, ఇప్పుడు ఉద్యోగం ఐర్లాండ్‌కు మారుతోందని, డచ్ తెలిసినందువల్ల ఐరిష్ త్వరగా వస్తుందా అని అడిగారు. మాదీ ఇదే దారి. ఐండ్‌హోవెన్‌లో ఐదేళ్లున్నాం, అక్కడ డచ్ ఏ2 (ప్రాథమిక స్థాయి) పరీక్ష పాసయ్యాను. తర్వాత ఐర్లాండ్‌లోని గాల్వేకి వచ్చాం. ఇక్కడ బడిలో మా అమ్మాయికి ఐరిష్ తప్పనిసరి సబ్జెక్టు, దాని హోంవర్కు దగ్గర కూర్చుని నేనూ నేర్చుకున్నాను. నా అనుభవంలో డచ్ మీకు పెద్దగా సాయపడదు. తెలుగు సాయపడుతుంది.

డచ్ ఇంగ్లిష్‌కూ జర్మన్‌కూ దగ్గరి చుట్టం. నీళ్లు 'వాతర్', పుస్తకం 'బూక్', ఆపిల్ 'అప్పెల్'. ఇంగ్లిష్ చదువుకున్నవాళ్లకు మొదటి వారంలోనే సూపర్‌మార్కెట్‌లో బోర్డులు సగం అర్థమవుతాయి. ఐరిష్ కెల్టిక్ భాష, దాని అక్కచెల్లెళ్లు స్కాటిష్ గేలిక్, మాంక్స్. అందులో నీళ్లు 'ఇష్కె', పుస్తకం 'ల్యౌర్', ఆపిల్ 'ఊల్'. (విస్కీ అన్న మాట ఈ 'ఇష్కె' నుంచి వచ్చిందే.) కాబట్టి మాటలన్నీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే.

కానీ వాక్యం లోపలికి వెళ్లి చూడండి. డచ్‌లో 'ఇక్ హెబ్ ఎన్ బూక్' అంటారు, ఇంగ్లిష్ లాగానే 'కలిగి ఉండటం' అనే క్రియ ఒకటుంది. ఐరిష్‌లో ఆ క్రియే లేదు. 'తా ల్యౌర్ అగమ్' అంటారు. 'తా' అంటే ఉంది, 'అగమ్' అంటే నా దగ్గర. నా దగ్గర పుస్తకం ఉంది, అంతే! ఆకలేస్తే 'తా ఓక్రస్ ఒరమ్', అంటే ఆకలి నా మీద ఉంది. మనం 'నాకు ఆకలిగా ఉంది' అన్నట్టే, ఆకలి మనిషికి కలిగేదే కానీ మనిషి చేసే పని కాదు. డచ్ నేర్చుకునేటప్పుడు నేను ముందు ఇంగ్లిష్‌లో అనుకుని మార్చుకునేదాన్ని. ఐరిష్‌కు వచ్చేసరికి తెలుగులో అనుకుంటేనే వాక్యం కుదిరింది.

అవును, కాదు అనే మాటలకు డచ్‌లో 'యా', 'నే' ఉన్నాయి. ఐరిష్‌లో వాటికి సరిగ్గా సరిపోయే మాటలే లేవు, అడిగిన క్రియనే తిప్పి చెప్పాలి. 'అన్ దిగెన్ తూ?' అంటే అర్థమైందా? జవాబు 'తిగిమ్', అర్థమవుతుంది. 'అన్నం తిన్నావా?' అంటే మనం 'తిన్నాను' అనమూ? ఇక్కడ ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు ఇది అలవాటు కావడానికి చాలా కష్టపడతారు, మాకు అసలు కష్టమే అనిపించలేదు.

అంకెల్లో ఇంకా ఆశ్చర్యం. డచ్‌లో ఇరవై ఐదును 'ఐదూ ఇరవై' అని తిరగేసి చెప్తారు. ఫోన్ నంబరు రాసుకునేటప్పుడు నాకు ఎప్పుడూ టెన్షనే. ఐరిష్‌లో మనుషులను లెక్కపెట్టడానికి వేరే మాటలున్నాయి. మూడు 'త్రీ', కానీ ముగ్గురు 'త్రూర్'. ఇద్దరు 'బెర్త్'. మా అమ్మాయి ఆ పాఠం తెచ్చిన రోజు "అమ్మా, ఇది మన ఇద్దరు, ముగ్గురు లాగే ఉంది కదా" అంది. నాకంటే ముందు అదే పట్టుకుంది.

అందరూ భయపెట్టేది మాట మొదటి అక్షరం మారిపోవడం గురించి. పిల్లి 'కత్'. ఆమె పిల్లి 'అ కత్', వాళ్ల పిల్లి 'అ గత్'. అతని పిల్లి అన్నప్పుడు మాత్రం క స్థానంలో గొంతు గీరినట్టు పలికే శబ్దం వస్తుంది. ఆ శబ్దం మీకు డచ్ 'ఖూత్' లో అలవాటైందే, డచ్ వల్ల నాకు నిజంగా కలిసొచ్చింది ఇదొక్కటే. ఇక క గ అవడం, త ద అవడం మనం బడిలో గసడదవాదేశం పేరుతో చదివినదే: కూరగాయ, తల్లిదండ్రులు. మనకు సమాసంలో జరిగేది వీళ్లకు ముందున్న మాటను బట్టి జరుగుతుంది. రెండు భాషలకూ చుట్టరికం లేదు, పోలిక మాత్రం గుర్తుపెట్టుకోవడానికి బాగా పనికొస్తుంది.

తెలుగు అక్కరకు రానిది క్రియ ఉండే చోటు. డచ్‌లో 'ఒమ్‌దాత్ ఇక్ జీక్ బెన్' (నాకు ఒంట్లో బాగోలేదు కాబట్టి) లాంటి ఉపవాక్యాల్లో క్రియ మన లాగే చివరికి పోతుంది. ఐరిష్‌లో అది అన్నిటికంటే ముందే వస్తుంది: చూశాను నేను పిల్లిని. వింటూ వింటూ పోతేనే అలవాటవుతుంది. స్పెల్లింగు కూడా చూడగానే బెదిరిస్తుంది కానీ నియమాలున్నాయి, రెండు నెలలు ఓపిక పట్టండి.

మాట్లాడే అవకాశం సంగతి వేరు. డచ్ మాతృభాషగా ఉన్నవాళ్లు రెండున్నర కోట్లకు దగ్గర్లో ఉంటారు. మనం తడబడగానే వాళ్లు ఇంగ్లిష్‌కు మారిపోతారు, డచ్‌లోనే మాట్లాడమని నేను బతిమాలేదాన్ని. ఐరిష్ 1937 రాజ్యాంగం ప్రకారం ఈ దేశపు మొదటి అధికార భాష. 2022 జనాభా లెక్కల్లో 18 లక్షలకు పైగా మంది తమకు వచ్చని చెప్పారు. చదువుల్లో కాకుండా రోజూ మాట్లాడేవాళ్లు మాత్రం 72 వేల మంది దాకానే. 1845లో మొదలైన కరువులో ఎక్కువగా చచ్చిపోయిందీ, ఓడలెక్కి వెళ్లిపోయిందీ ఈ భాష మాట్లాడే పశ్చిమ తీరపు పేదలే. ఆ సంగతి చదివిన రోజు నాకు చాలా బాధేసింది. అందుకే ఇంట్లో దీన్ని మార్కుల సబ్జెక్టుగా చూడకూడదనుకున్నాం.

గాల్వేకి వస్తే కనెమారా వైపు వెళ్లండి, అక్కడ ఊళ్లలో ఇప్పటికీ ఐరిష్ వినిపిస్తుంది. ఇంట్లో టీవీలో ఐరిష్ భాషా ఛానల్ టీజీ4 పెట్టుకోండి. పోయిన వేసవిలో స్పిడేల్‌లో ఒక చిన్న కొట్లో మా అమ్మాయి ఐస్‌క్రీమ్ ఉందా అని ఐరిష్‌లో అడిగింది. కొట్లో పెద్దావిడ "తా" అంది. ఉంది అని. ఎన్ని కావాలని ఆవిడ అడిగితే, మా అమ్మాయి మా ముగ్గురినీ చూపించి "త్రూర్" అంది.