తీపి పూల పెర్ఫ్యూమ్: ముందు మొహం మొత్తడం, గంటకే మాయమవడం

మల్లె, వెనిల్లా కలిసిన పెర్ఫ్యూమ్ మొదట హాయిగా ఉండి, కాసేపటికే మొహం మొత్తుతోందని, గంట దాటితే అసలు వాసనే తెలియడం లేదని రాశారు. ఆ కోవకే చెందినది నేనూ చాలాకాలంగా వాడుతున్నాను. మీ సీసాలో లోపమేమీ ఉండకపోవచ్చు.

కొట్టుకోగానే గుప్పుమనేది ఆల్కహాలు, నిమ్మజాతి వాసనలు. అవి తేలికైనవి, నిమిషాల్లో ఎగిరిపోతాయి. పూలు విచ్చుకునేది ఆ తర్వాతే. నా దాంట్లో అసలు సొగసంతా అక్కడే ఉంది. పచ్చిగా, చల్లగా మొదలైన మల్లె ఒంటి వేడికి మగ్గి, కాస్త వాడిన పూలలో ఉండే ఆ బరువు వాసనకు దిగుతుంది. దానికి కారణం ఇండోల్ అనే పదార్థం, మల్లెలో సహజంగానే ఉంటుంది. కొందరికి అదే మత్తు, కొందరికి తలనొప్పి. అది లేని మల్లె మాత్రం నాకు ఉత్త సబ్బులా అనిపిస్తుంది.

ఇక తీపి. వెనిల్లాకు ఆ వాసననిచ్చే వెనిలిన్, పీచుమిఠాయి వాసన వచ్చే ఇథైల్ మాల్టాల్ ఒంటిని పట్టుకుని వదలవు. పూలు వెళ్లిపోయినా అవి కూర్చునే ఉంటాయి. మీకు మొహం మొత్తేది బహుశా అక్కడే. అందుకే నేను అట్టముక్క మీద వాసన చూసి ఏదీ కొనను. మణికట్టు మీద కొట్టుకుని, మూడో గంటలో మిగిలింది నచ్చితేనే కొంటాను.

గంటకే పోయిందంటారా, చాలావరకు అది ముక్కు చేసే మోసం. అదే వాసనలో ఉంటే ముక్కు దాన్ని లెక్కచేయడం మానేస్తుంది. పైగా కొన్ని రకాల మస్క్ (కస్తూరి తరహా) వాసనలు కొందరికి పుట్టుకతోనే తెలియవు. నాకు ఏమీ తెలియని సాయంత్రాల్లో కూడా పక్కన కూర్చున్నవాళ్లు ‘ఏం పెర్ఫ్యూమ్?’ అని అడుగుతారు. విప్పిన చొక్కా కాలర్ మర్నాడు పొద్దున కూడా వెనిల్లా వాసనే కొడుతుంది. మళ్లీ కొట్టుకునే ముందు పక్కవాళ్లను అడగండి.

చర్మం పొడిబారి ఉంటే నిజంగానే త్వరగా పోతుంది. ముందు వాసన లేని మాయిశ్చరైజర్ రాసుకోండి. పెర్ఫ్యూమ్ తెల్లబట్టల మీద మాత్రం కొట్టుకోవద్దు, వెనిలిన్ ఉన్న ద్రవం రానురాను గోధుమరంగుకు తిరుగుతుంది, మరక పడొచ్చు. (రంగు మారినంత మాత్రాన పాడైనట్టు కాదు.) ఎండ మండే రోజుల్లో, మూసిన కారులో ఈ తీపి భరించడం కష్టం. అలాంటప్పుడు నేను ఒక్క స్ప్రేతో సరిపెడతాను, అదీ చొక్కా లోపల, పొట్ట మీద.