డ్రగ్ డ్రైవింగ్ కేసుల ల్యాబ్‌లో పనిచేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ సెకండియర్. తాగి, గంజాయి పీల్చి బండి నడిపినవాళ్ల రక్తం పరీక్షించే ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పనిచేస్తానంటోంది. ఒక ప్రైవేటు కాలేజీవాళ్లు బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్‌లో సీటిస్తామంటున్నారు. చేర్పించమంటారా? ఉద్యోగాలుంటాయా? - ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: తొందరపడి ఫీజు కట్టకండి. ముందు ఆ కాలేజీ ల్యాబ్ చూపించమనండి. రక్తంలాంటి మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ మెషీన్ గానీ, హెచ్‌పీఎల్‌సీ గానీ ఉందా, పిల్లల్ని దాని మీద చేయి పెట్టనిస్తారా అని అడగండి. లేదంటే ఆ సీటు వద్దు. మీ అమ్మాయి కోరుకున్న పనికి పునాది కెమిస్ట్రీ. డిగ్రీలో కెమిస్ట్రీ మెయిన్ సబ్జెక్టుగా ఉండే కోర్సు దోస్త్‌లో (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్లలో) ఎంచుకుని, పీజీలో ఫోరెన్సిక్ వైపు మళ్లడమే నేను చెప్పే దారి. బీఫార్మసీ కూడా పనికొస్తుంది.

ఆ పని ఎలా ఉంటుందో అమ్మాయికి ముందే తెలియాలి. ఆసుపత్రిలో తీసిన రక్తం సోడియం ఫ్లోరైడ్ వేసిన బూడిదరంగు మూత ట్యూబులో వస్తుంది. అది లేకపోతే రక్తంలోని సూక్ష్మజీవుల వల్ల ఆల్కహాల్ లెక్క మారిపోవచ్చు. ట్యూబు తెరవకముందే సీలు చూడాలి, పోలీసుల లేఖ మీద ఉన్న నమూనా ముద్రతో సరిపోల్చాలి, నంబరు రాసుకోవాలి. మొదటి వడపోత ఇమ్యునోఅస్సేతో, అంటే యాంటీబాడీలతో డ్రగ్ ఆనవాలు పట్టే పరీక్షతో. అందులో పాజిటివ్ వచ్చినంత మాత్రాన రిపోర్టు రాయకూడదు. కొన్ని మామూలు మందులు కూడా అక్కడ డ్రగ్‌లా కనబడతాయి. అణువుల బరువును బట్టి పదార్థాన్ని గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమెట్రీతో ఖరారు చేశాకే సంతకం.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో మద్యానికి అంకె ఉంది: 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే నేరం. డ్రగ్స్‌కు అలాంటి అంకె లేదు, బండిని సరిగా అదుపు చేయలేనంత మత్తులో ఉన్నాడని చూపించాలి. గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ రక్తంలో కొన్ని గంటల్లోనే బాగా పడిపోతుంది. అది విరిగి తయారయ్యే పదార్థం మాత్రం మూత్రంలో రోజుల తరబడి, రోజూ పీల్చేవాళ్లలో వారాల తరబడి దొరుకుతుంది. కాబట్టి యూరిన్ కిట్ పాజిటివ్ అంటే ఈ మధ్య వాడాడని మాత్రమే. స్టీరింగ్ పట్టుకున్నప్పుడు మత్తులో ఉన్నాడని కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2015 మార్చి నుంచి డ్రగ్స్‌కూ అంకెలు పెట్టారు. టీహెచ్‌సీకి లీటరు రక్తానికి 2 మైక్రోగ్రాములు. అక్కడే 2017లో మాంచెస్టర్‌లోని ఒక ప్రైవేటు ల్యాబ్‌లో డేటా తారుమారైనట్టు బయటపడి వేల శాంపిళ్లను తిరిగి చూడాల్సి వచ్చింది, డ్రగ్ డ్రైవింగ్ శిక్షలు కొన్ని రద్దయ్యాయి. ఆ ట్యూబు వెనక ఒక మనిషి లైసెన్సు, ఉద్యోగం, పరువు ఉంటాయి. రోడ్డు మీద చనిపోయినవాళ్ల కుటుంబం కూడా ఉంటుంది. ఇద్దరికీ న్యాయం జరగాలంటే ఆ కుర్చీలో నిదానమైన మనిషి ఉండాలి.

పీజీకి ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ ఉంది. గాంధీనగర్ నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో టాక్సికాలజీలోనే (విషాలు, మత్తుమందుల శాస్త్రంలోనే) ఎమ్మెస్సీ చేయవచ్చు. తర్వాత ఫ్యాక్ట్ (ఫోరెన్సిక్ సామర్థ్య పరీక్ష), నెట్ (లెక్చరర్, పరిశోధన అర్హత పరీక్ష) రాయవచ్చు.

ఉద్యోగాల మాట దాచకుండా చెబుతాను. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ల్యాబ్, రామంతాపూర్‌లో కేంద్ర ల్యాబ్ ఉన్నాయి. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ ఏటా రాదు. 2024 జులై నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమలైన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలంటోంది. దాంతో మనుషుల అవసరం పెరుగుతుంది, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. మీ అమ్మాయికి అండ వేరే ఉంది. హైదరాబాద్ ఫార్మా కంపెనీల బయోఅనలిటికల్ ల్యాబుల్లో రక్తంలో మందు మోతాదు కొలిచేది ఎల్‌సీ-ఎంఎస్‌తోనే, అంటే క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ కలిసిన మెషీన్‌తోనే. ఆ మెషీన్ చేతికొస్తే నోటిఫికేషన్ వచ్చేదాకా ఖాళీగా ఉండక్కర్లేదు.

ఇంకొక్కటి. ఈ ఉద్యోగంలో కోర్టు మెట్లెక్కడం తప్పదు. రక్తం తీసేముందు స్పిరిట్ దూదితో తుడిచారా, శాంపిల్ ఎన్నాళ్లు ఫ్రిజ్‌లో ఉంది, మెషీన్ కాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) ఎప్పుడు చేశారు అని వకీలు గుచ్చి గుచ్చి అడుగుతారు. సెలవుల్లో ఒకరోజు అమ్మాయిని జిల్లా కోర్టుకు తీసుకెళ్లి, నిపుణుల సాక్ష్యం నడిచేటప్పుడు కూర్చోబెట్టండి. ఎప్పుడుంటుందో తెలిసిన వకీలును అడిగితే చెబుతారు.