చెవిలో మోతకు చీటీ పాడుకోవాలా?

ప్రశ్న: తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. జీతం 17,500. మూడు నెలలుగా ఎడమ చెవిలో ఒకటే గుయ్‌మని మోత. బెంగళూరు పోయి తలకు స్కాన్ తీయించుకోమని మా బావమరిది పట్టుబడుతున్నాడు. లక్ష రూపాయల చీటీ ఇప్పుడు పాడితే 82 వేలే చేతికొస్తుంది. పాడమంటారా? లేక ముందు హెల్త్ పాలసీ తీసుకుని, తర్వాత చూపించుకోమంటారా?

జవాబు: చీటీ పాడొద్దు. ఏ పరీక్ష కావాలో తేలకముందే 18 వేలు ఎందుకు వదులుకోవాలి? ముందు మీ జీతం స్లిప్ తీసి, ఈఎస్ఐ కోత ఉందేమో చూడండి. నెలకు 21,000 లోపు జీతగాళ్లకు వర్తించే ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకమది. మీ వాటా 0.75 శాతం, అంటే నెలకు 130 రూపాయల చిల్లర. యజమాని వాటా 3.25 శాతం. కోత ఉంటే ఓపీ, మందులతో పాటు డాక్టరు రాసిన స్కాన్ కూడా దాని కిందే వస్తుంది. చాలామంది ఏళ్ల తరబడి డబ్బు కడుతూ కూడా కార్డు బయటకు తీయరు, నాకు బాధ కలిగేది అక్కడే. కోత లేకుంటే అనంతపురం సర్వజన ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగానికి వెళ్లండి.

మిషన్ల మోతకే ఇలా అయిందని మాత్రం వదిలేయకండి. మిషన్ల మోత వల్ల వచ్చే చెవుడు సాధారణంగా రెండు చెవుల్లోనూ కనిపిస్తుంది. ఒక్క చెవిలోనే మోత అంటే కారణం వెతకాల్సిందే. మొదట చెవిలో గులిమి ఉందేమో చూస్తారు, తర్వాత ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష చేస్తారు. దానికయ్యేది వందల్లోనే. రెండు చెవుల వినికిడిలో తేడా కనిపిస్తే ఎమ్మారై రాస్తారు, అది వేలల్లో ఉంటుంది. వినికిడి నరం పక్కన గడ్డ ఉందేమో చూడటానికే ఆ స్కాన్. అలాంటి గడ్డ అరుదు, క్యాన్సర్ కాదు, చాలావరకు నెమ్మదిగా పెరుగుతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. ఆ చెవి ఉన్నట్టుండి వినపడటం మానేస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. స్టెరాయిడ్ మందు మొదటి రోజుల్లోనే బాగా పనిచేస్తుంది.

పాలసీ కోసం పరీక్ష ఆపొద్దు. మామూలు పాలసీలు ఆసుపత్రిలో చేరకుండా తీయించుకున్న స్కాన్‌కు డబ్బివ్వవు. ఫారంలో చెవి సంగతి దాస్తే రేపు క్లెయిమ్ తిరస్కరిస్తారు. ఉన్నదున్నట్టు రాస్తే, ముందునుంచి ఉన్న జబ్బుకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాలి, అంతే. ఇంటిల్లిపాదికీ పాలసీ కావాలి, అది వేరే పని.

స్కాన్‌కు చేతి డబ్బే పెట్టాల్సి వస్తే బంగారం మీద 10 వేలు తెచ్చుకోండి. నూటికి రూపాయి వడ్డీ అయినా ఆరు నెలలకు 600. చీటీలో పోయే 18 వేలతో పోల్చి చూసుకోండి.