ఉల్లిపొట్టుతో ఉడికించిన ఈస్టర్ గుడ్ల మీద ఆకు ముద్ర ఎలా వస్తుంది?

లాత్వియా, సెర్బియా లాంటి దేశాల్లో ఈస్టర్‌కు ఇలా చేస్తారు. కొత్తిమీరలా అంచులు చీలిన చిన్న ఆకును తడిపి గుడ్డుకు అతికించి, పల్చటి నైలాన్ సాక్సు ముక్కలో బిగించి దారంతో కడతారు. ఉల్లిపొట్టు వేసిన నీళ్లలో పది పదిహేను నిమిషాలు ఉడికిస్తారు. పొట్టులోని క్వెర్సెటిన్ లాంటి పదార్థాలు పెంకుకు ఎర్రటి గోధుమరంగు పట్టిస్తాయి. ఆకు కప్పిన చోట మాత్రం గుడ్డు అసలు రంగే మిగులుతుంది.

అసలు కిటుకంతా బిగింపులోనే ఉంది. కాస్త వదులైనా రంగు ఆకు కిందికి పాకి ముద్ర అలుక్కుపోతుంది. తెల్ల గుడ్లయితే ముద్ర ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నీళ్లలో చెంచా వెనిగర్ కలిపితే రంగు బాగా పడుతుంది. మరీ ఎక్కువైతే పెంకులోని కాల్షియం కార్బొనేట్ కరగడం మొదలై మచ్చలొస్తాయి. చల్లారాక చుక్క నూనె రాసి చూడండి, ఆ మెరుపు ఎంత బాగుంటుందో!