పాఠకుల ప్రశ్నలు – జవాబులు: లేజర్ లాక్ ఎందుకు నిలవట్లేదు?

ప్రశ్న: మా ల్యాబ్ కాజీపేట రైలు పట్టాలకు దగ్గర్లో ఉంది. 780 నానోమీటర్ల డయోడ్ లేజర్‌ను, 10 సెంటీమీటర్ల అల్యూమినియం గొట్టానికి రెండు కొసలా అద్దాలు అంటించి చేసుకున్న కావిటీకి (అద్దాల మధ్య కాంతి అటూ ఇటూ తిరిగే గూడు), పౌండ్-డ్రెవర్-హాల్ పద్ధతిలో లాక్ చేస్తున్నాం. అంటే కావిటీ నుంచి వెనక్కి వచ్చే కాంతిని చూసి, లేజర్ ఫ్రీక్వెన్సీ దాన్నే అంటిపెట్టుకునేలా సరిదిద్దుతున్నాం. పది నిమిషాలు కూడా నిలవట్లేదు. స్లో లైట్ (కాంతిని బాగా నెమ్మదింపజేసే మాధ్యమం) వాడితే కావిటీ పొడవు మారినా ఫ్రీక్వెన్సీ పెద్దగా కదలదట. ఆ దారి పట్టమంటారా?
— పరిశోధక విద్యార్థి, హన్మకొండ

జవాబు: ముందు లాక్ ఎలా ఊడుతోందో చూడండి. లేజర్ పీజోకు (వోల్టేజీ ఇస్తే రవ్వంత సాగే ముక్క) వెళ్లే కంట్రోల్ వోల్టేజీని స్కోప్‌లో అరగంట గీయించండి. ఒకే వైపు మెల్లగా జరుగుతూ పోయి చివరి హద్దుకు తగిలి ఊడితే అది వేడి తెచ్చిన తంటా. గీత నిమ్మళంగా ఉండి, గూడ్సు బండి వచ్చినప్పుడే ఎగిరిపడితే అదురు.

మీది మొదటి రకమే అయ్యుంటుందని మా అంచనా. అల్యూమినియం డిగ్రీకి పది లక్షల్లో 23 వంతులు సాగుతుంది. మీ లేజర్ ఫ్రీక్వెన్సీ 384 టెరాహెర్ట్జ్. అంటే గొట్టం వేడి 0.1 డిగ్రీ మారితే చాలు, లాక్ 880 మెగాహెర్ట్జ్ దాకా జరుగుతుంది. ఏసీ ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ జరిగేది ఇదే. అదే మార్పుకు ఇన్వార్ (వేడికి చాలా తక్కువ సాగే ఇనుము-నికెల్ మిశ్రమం) గొట్టమైతే 46 మెగాహెర్ట్జ్, దాదాపు సాగనే సాగని యూఎల్ఈ గాజైతే మహా అయితే ఒక మెగాహెర్ట్జ్ పైచిలుకు. ఇన్వార్‌కు మారండి, చుట్టూ హీటర్ చుట్టి సెట్‌పాయింట్ 40 డిగ్రీలు పెట్టండి. 28 దగ్గర పెడితే మే నెలలో కరెంటు పోయిన పూట గదే దాన్ని దాటేస్తుంది. హీటర్ వేడి చేయగలదే గాని చల్లార్చలేదు కదా.

గాలిని చాలామంది మరిచిపోతారు. వాతావరణ పీడనం ఒక్క హెక్టోపాస్కల్ మారితే అద్దాల మధ్య గాలి వక్రీభవన గుణకం మారి దాదాపు 100 మెగాహెర్ట్జ్ తేడా వస్తుంది. మామూలు రోజునే పొద్దున్నుంచి సాయంత్రానికి రెండు మూడు హెక్టోపాస్కల్స్ మారుతుంది. వాక్యూమ్ పంపు లేకపోతే గొట్టాన్ని గాలి చొరబడకుండా మూసేయండి. లోపలి గాలి సాంద్రత మారదు కాబట్టి వక్రీభవన గుణకమూ మారదు.

అదురుకు ఖరీదైన బల్ల అక్కర్లేదు. కరీంనగర్ గ్రానైట్ మందపాటి పలకను సగం గాలి నింపిన స్కూటర్ ట్యూబుల మీద పెట్టండి. దానిపై కావిటీని మధ్యకు సమదూరంలో రెండు చోట్ల రబ్బరు ముక్కల మీద ఆనించండి.

లాక్ నిలుస్తూనే ఫ్రీక్వెన్సీ జారుతుంటే, లాక్ కోసం కాంతి ఫేజ్‌ను వేగంగా ఊపే మాడ్యులేటర్‌ను అనుమానించండి. దానిలోకి వెళ్లే కాంతి ధ్రువణం కొంచెం వంకరగా ఉన్నా ఎర్రర్ సిగ్నల్ (లేజర్ ఎంత తప్పిందో చెప్పే సంకేతం) సున్నా కదిలిపోతుంది. ముందు మంచి పోలరైజర్ పెట్టండి. ఆ సంకేతాన్ని తయారుచేసే మిక్సర్ ఫేజ్‌ను కేబుల్ పొడవుతోనే సరిచేయవచ్చు. 20 మెగాహెర్ట్జ్ దగ్గర రెండున్నర మీటర్ల కోయాక్స్ కేబుల్ 90 డిగ్రీలు తిప్పుతుంది.

ఇక స్లో లైట్. మీరు విన్నది నిజమే. మాధ్యమంలో ఫ్రీక్వెన్సీతో పాటు వక్రీభవన గుణకం నిట్టనిలువుగా మారుతుంటే, కావిటీ పొడవులో వచ్చిన తేడాను పూడ్చడానికి అతి చిన్న ఫ్రీక్వెన్సీ మార్పు సరిపోతుంది. కాంతి మామూలు కంటే లక్ష రెట్లు నెమ్మదిస్తే ఆ 880 మెగాహెర్ట్జ్ కాస్తా 9 కిలోహెర్ట్జ్ అవుతుంది. 1999లో లీనే హౌ బృందం అతిశీతల సోడియం పరమాణువుల్లో కాంతిని సెకనుకు 17 మీటర్ల వేగానికి తెచ్చింది. కావిటీల కోసం మాత్రం యూరోపియం లేదా ప్రాసియోడిమియం కలిపిన ఇట్రియం సిలికేట్ స్ఫటికాలు వాడతారు. స్ఫటికాన్ని 4 కెల్విన్ల లోపు చల్లబరిచి, అది కాంతిని పీల్చుకునే పట్టీలో లేజర్‌తో ఒక సన్నటి పారదర్శక కిటికీ తెరుస్తారు.

చిక్కల్లా ఆ కిటికీతోనే. పొడవు మీది ఆధారం తగ్గినంత మేరా ఫ్రీక్వెన్సీ కిటికీని పట్టుకుని వేలాడుతుంది. లాక్ కోసం పంపే కాంతే దాని అంచుల్ని తొలిచేస్తుంటే కిటికీ నడిమధ్య పక్కకు జరుగుతుంది, దాని వెంటే లేజరూ జరుగుతుంది. అందుకే ఆ కాంతిని వీలైనంత మసకగా ఉంచుతారు. పైగా ఆ స్ఫటికాలు పనిచేసేది 580, 606 నానోమీటర్ల దగ్గర. మీ 780కి పనికిరావు, క్రయోస్టాట్ (అంతగా చల్లబరిచే పరికరం) ఖర్చు సరేసరి.

మీ 780 దగ్గర రుబీడియం ఉంది. దాని ఆవిరి గొట్టంలో సాచురేటెడ్ అబ్సార్‌ప్షన్ గీత (పరమాణువులు కాంతిని పీల్చుకునే కచ్చితమైన ఫ్రీక్వెన్సీ గుర్తు) తీసి, కావిటీ అద్దాల్లో ఒకదాని వెనక పీజో అతికించి, ఆ పీజోను సెకనుకు ఒకసారి గీతవైపు మెల్లగా సరిదిద్దండి. వేగంగా వచ్చే ఒడుదుడుకుల్ని కావిటీ అణుస్తుంది, నెమ్మది జారుడును రుబీడియం ఆపుతుంది.